నాలుగు వందల పన్నెండో పన్ను

పన్ను అబద్ధమాడదని ఏళ్ల తరబడి ఊరూరా చెప్పుకుంటూ తిరిగినదాన్ని నేను. ఇప్పుడు ఈ కథ చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందని ఎవరైనా అడగొచ్చు. చెప్పాల్సిన రోజున చెప్పలేదు, అందుకని ఇప్పుడు చెబుతున్నాను.

నా పేరు విజయేందిర. మాది నల్లగొండ జిల్లా. మా వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మా నాన్నకు నలభై ఏళ్లకే నడుము వంగిపోయింది. నా పళ్ల మీద ఇప్పటికీ పసుపు చారలున్నాయి. ఏ బావి నీళ్లు ఏ పిల్ల పళ్లను తిన్నాయో కనిపెట్టాలన్న పంతంతో చదివాను. ఆ చదువే నన్ను అమెరికాలో ఒక యూనివర్సిటీ ల్యాబుకు తెచ్చింది. అక్కడ పద్నాలుగేళ్లు తంటాలు పడి ‘నీటిజాడ’ను తయారుచేశాను.

చూడ్డానికి పెన్నులా ఉంటుంది, చివర సన్నటి వెలుగు. మనిషి ముందుపన్నుకు పదకొండు సెకన్లు ఆనిస్తే చాలు. పసితనంలో తాగిన నీళ్లు, ఆ నీళ్లు పారి వచ్చిన రాళ్లు, అన్నీ పంటి పైపొరలో అచ్చుపడి ఉంటాయి. ఆ పొర ఒకసారి గట్టిపడ్డాక చచ్చేదాకా మారదు. మా యంత్రం దాన్ని చదివి తెర మీద మ్యాపు తెరిచి ఒక చుక్క పెడుతుంది. మొదట్లో దాన్ని పేరు తెలియని శవాల కోసం వాడారు. ఎడారిలో దొరికిన ఎముకలకు అది ఊరు చెప్పింది, ఎందరో తల్లులకు కొడుకుల అస్థికలు అందాయి. ఆ రోజుల్లో నేను కాలరెగరేసుకుని తిరిగానంటే నమ్మండి.

తరువాత మా కౌంటీ (ఇక్కడి జిల్లా) జైలును నడిపే షెరిఫ్ దాన్ని తన జైలుకు కావాలన్నాడు.

ఇక్కడ చిన్న గొడవలో పట్టుబడినా పోలీసులు వేలిముద్రలు తీసుకుంటారు. అవి వాటంతట అవే వలస శాఖకు చేరతాయి. వాళ్లకు అనుమానమొస్తే గంటలో జైలుకు ఒక కాగితం పంపుతారు. దాన్ని డిటైనర్ అంటారు. ‘మీరు ఈ మనిషిని వదిలెయ్యాల్సి వచ్చినా వదలకండి, ఇంకో నలభై ఎనిమిది గంటలు అట్టేపెట్టండి, మేమొచ్చి తీసుకుపోతాం’ అని దాని సారాంశం. జడ్జి సంతకం ఉండదు. అది ఆజ్ఞ కూడా కాదు, అడగడం మాత్రమే. ఆపాలా వద్దా అన్నది షెరిఫ్ ఇష్టం. వలస శాఖ లెక్కల్లో వేలిముద్రలు లేనివాళ్లు ఇన్నాళ్లూ ఆ కాగితానికి చిక్కేవాళ్లు కాదు. పళ్లు మాత్రం అందరికీ ఉంటాయి కదా.

కౌంటీ సభలో ఆ రోజు పెద్ద వాదనే జరిగింది. “దెబ్బలు తిన్న ఆడమనిషి రేపట్నుంచి మాకు ఫోన్ చెయ్యదు. దొంగతనం చూసినవాడు సాక్ష్యానికి రాడు” అన్నాడు పోలీసు చీఫ్. “విడుదల కావలసిన మనిషిని గంటసేపు ఆపినా అది కొత్త అరెస్టే. జడ్జి చూడకుండా ఎలా చేస్తారు?” అంది ఒక లాయరమ్మ. షెరిఫ్ డాల్టన్ లేచి, “వాళ్లు అడిగినా నేను వదిలేసి, వాడు రేపు ఎవర్నైనా పొడిస్తే ఆ ఇంటికి వెళ్లి మీరు జవాబు చెబుతారా?” అన్నాడు. విన్నంతసేపు ఎవరి మాటా తీసెయ్యాలనిపించలేదు. చివరికి సభాధ్యక్షురాలు నావైపు తిరిగింది.

“డాక్టర్, ఒక్క మాటలో చెప్పండి. ఈ యంత్రం మనిషి ఎక్కడ పుట్టాడో చెబుతుందా?”

చెప్పదు. పళ్లు ఏర్పడే రోజుల్లో ఏ నీళ్లు తాగాడో చెబుతుంది, అంతే. పుట్టడం వేరు, పెరగడం వేరు. ఈ రెండు వాక్యాలు నాకు ఇంగ్లీషులో రాకపోలేదు.

“చెబుతుంది” అన్నాను.

కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అంటుండేది. నాది నోరు జారడం కూడా కాదు. తెలిసి తెలిసి అన్న మాట. ఎందుకన్నానో చెప్పాలంటే నా కొడుకు సంగతి చెప్పాలి.

నిశ్చల్ ఇక్కడే పుట్టాడు. వాడికి ఆరో నెల రాగానే నల్లగొండ తీసుకెళ్లి మా అమ్మ ఒళ్లో పెట్టి వచ్చాను. మా ఆయనకూ నాకూ పొద్దంతా ఉద్యోగాలు, బిడ్డను చూసే దిక్కు లేదు. మనవాళ్లలో ఇది వింతేమీ కాదు. ఆ ఏడు మా వీధిలోనే ముగ్గురం విమానాల్లో చంటిపిల్లల్ని పంపించాం. కానీ ల్యాబులో నా పైఅధికారి మార్గరెట్‌కు ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “అంత పసివాణ్ణి ఇచ్చేశావా?” అంది. ఇచ్చెయ్యడమేమిటి, మా అమ్మ దగ్గర ఉంచాను. ఆ మాట ఆవిడకెలా అర్థమవుతుంది? సిగ్గుతో చచ్చిపోయాను. నెల తిరక్కుండానే వాణ్ణి వెనక్కి తెచ్చేసుకున్నానని ఆవిడతో అబద్ధం చెప్పాను. నిజానికి వాడు ఆరేళ్లకు వచ్చాడు.

వాడికి పన్నెండో ఏట, పళ్లకు తీగ కట్టించేందుకు ఒక పన్ను తీయించాం. మా ల్యాబులో ఎవరింటి పళ్లు వాళ్లు పరీక్షకు తెచ్చే అలవాటుండేది. నేనూ తెచ్చాను. పట్టికలో అది నాలుగు వందల పన్నెండో వరస. పుట్టిన చోటు గడిలో ఇక్కడి ఆసుపత్రి పేరు రాసి ఉంది. యంత్రం పెట్టిన చుక్క మా అమ్మ ఇంటికి తొమ్మిది కిలోమీటర్ల అవతల పడింది.

ఎంత గొప్పగా పనిచేసిందో చూడండి. ఎగిరి గంతెయ్యాల్సింది. కానీ ఆ చుక్క అక్కడెందుకు పడిందని మార్గరెట్ అడుగుతుంది. ‘నమూనా చెడిపోయింది’ అని రాసి ఆ వరస చెరిపేశాను. చివరి నివేదికలో పదమూడు వందల పన్నెండు పళ్లు, ఒక్క తప్పూ లేదు. ఆ నివేదిక చూసే మా కౌంటీ యంత్రం కొంది. మమ్మల్ని చూసి ఇంకో పదకొండు కౌంటీలు కొన్నాయి.

మా ల్యాబులో పళ్లను కోసి నునుపు చేసేవాడు సైదులు. మా ఊరివాడే. తోడబుట్టినవాడు కాకపోయినా నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. వాడి కూతురు మేఘమాల కూడా ఇక్కడే పుట్టింది. సైదులు తల్లి అప్పటికే పోయింది. అందుకని ఆ పిల్లను కూడా ఏడో నెలలో మా అమ్మ దగ్గరికే పంపాం. నిశ్చల్ అప్పటికక్కడే ఉన్నాడు. మా అమ్మకు బోరునీళ్ల చాయ తప్ప రుచించేది కాదు. పిల్లలిద్దరికీ ఆ నీళ్లే పట్టింది.

మేఘమాలకు ఇప్పుడు ఇరవై మూడేళ్లు. నర్సింగ్ చదువుతూ సాయంత్రాలు ఒక దుకాణంలో పనిచేస్తోంది. ఒక గురువారం ఒకడు తాగొచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకు లాగాడు. ఆ పిల్ల చేతికందిన టిన్ను విసిరి, తానే పోలీసులకు ఫోన్ చేసింది. పోలీసులొచ్చి ఎవరిది తప్పో తేలేదాకా అని ఇద్దరినీ తీసుకెళ్లారు. జైల్లో నోరు తెరవమన్నారు. పదకొండు సెకన్లు. చుక్క నల్లగొండ మీద పడింది, ఆ కబురు వలస శాఖకు పోయింది.

శుక్రవారం నాలుగు గంటలకు జడ్జి కేసు కొట్టేశాడు. జైలు గేటు దగ్గర కోటు పట్టుకుని నిలబడ్డ సైదులుకు బిడ్డ రాలేదు, డిటైనర్ వచ్చిందన్న కబురు వచ్చింది. వాడు నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, పొల్లను ఇడుస్తలేరు. పుట్టిన కాయితం జూపిచ్చిన. దాంట్ల పేరు లేదట, ఉత్త బేబీ గర్ల్ అని ఉన్నదట. ఇరవై ఒకటో నాడు గద అక్కా మనం పేరు పెట్టుకునేది, ఆసుపత్రోళ్లకు రెండో నాడే ఏడికెల్లి చెప్పాలె?”

“పాస్‌పోర్టు చూపించలేదా?”

“చూపిచ్చిన. నాలుగు నెల్ల పసిగుడ్డు ఫోటో అది, తర్వాత కొత్తది తీయకపోతిమి. ఈడ పుట్టిన పిల్ల ఎవలో, అయిదేండ్లకు ఇండియా నుంచి అచ్చిన పిల్ల ఎవలో, మాకెట్ల తెలుస్తదంటున్నరు. పండ్లు అబద్ధమాడయి అంటున్నరు.”

అది నా మాటే.

ఇద్దరం కారెక్కాం. సగం దారిలో సైదులు ఉన్నట్టుండి అడిగాడు. “మన నిశ్చల్ గూడ గాడనే పెరిగె గద. మిషినుతోని వాని పన్ను ఎన్నడన్న చూసినమా అక్కా?”

“లేదు” అన్నాను.

“పోనీ సోమారం ల్యాబు తీసినంక చూద్దాం” అని వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు. నా మాట మీద వాడికి అనుమానమన్నదే రాదు, నేనంటే అంత నమ్మకం.

డాల్టన్ నన్ను చూడగానే లేచి కుర్చీ చూపించాడు. మంచివాడనే చెప్పాలి. సైదులు చెప్పిందంతా విని, టోపీ బల్లమీద పెట్టి, నాతో అన్నాడు. “డాక్టర్, ఈ కాగితం నన్ను అడుగుతోంది తప్ప శాసించడం లేదు. కాదనే అధికారం నాకుంది. ఈ దేశంలో పుట్టినవాళ్ల మీద కూడా యంత్రం ఇలా చుక్క పెట్టే అవకాశం ఉందని మీరు ఒక్క మాట అనండి. ఇప్పుడే ఆ అమ్మాయిని మీ కారు ఎక్కిస్తాను.”

ఇంతకంటే ఏ మనిషైనా ఏం చేస్తాడు? తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. ఆ మాట అంటే, సభలో ఎందుకు చెప్పలేదంటాడు. ఎప్పట్నుంచి తెలుసంటాడు. పన్నెండు కౌంటీలు, పద్నాలుగేళ్ల పని, నా పేరు, ఆ చెరిపిన వరస. ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్లముందు తిరిగాయి. ఆ పిల్ల ముఖం మాత్రం తిరగలేదు. ఎలాగూ పుట్టిన కాగితం ఉంది, సోమవారానికి తేలిపోతుంది, రెండు రోజులే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

“పదమూడు వందల పన్నెండింట్లో ఒక్కటీ తప్పు రాలేదు. కాగితాలు పరిశీలిస్తే వాళ్లకే తెలుస్తుంది” అన్నాను.

డాల్టన్ టోపీ తీసి పెట్టుకున్నాడు. “అయితే నేను కాదనలేను” అన్నాడు.

సైదులుకు ఇంగ్లీషు రాకపోవడమేమీ లేదు. అంతా విన్నాడు. కారులో కూచున్నాక, “నీకు తెల్వంది ఏముంటది అక్కా. ఏదో ఆలోచన జేసే ఉంటవు. ఆగుదాం తియ్” అన్నాడు. వాడు తిట్టినా బాగుండేది.

శనివారం మధ్యాహ్నం నిశ్చల్ భోజనానికి వచ్చాడు. మా ఆయన పోయినప్పట్నుంచీ శనివారాలు వస్తాడు. బళ్లో లెక్కలు చెబుతాడు. అప్పటికే సైదులు వాడికి ఫోన్ చేసి చెప్పాడు. పప్పన్నం కలుపుకుంటూ, ఏదో లెక్క చేస్తున్నవాడిలాగే అడిగాడు.

“అమ్మా, మేఘ పన్ను నల్లగొండ అంటే నా పన్ను గూడ నల్లగొండనే అనాలె గద?”

వాడి తెలుగంతా మా అమ్మ తెలుగే. నాతో మాట్లాడుతుంటే అమ్మే అడిగినట్టుంటుంది.

“అన్నం తిను” అన్నాను.

“బ్రేసులప్పుడు నా పన్ను సీసాల పెట్టుకొని పోయినవు. నాకు యాదికున్నది. అది ఏం జెప్పింది?”

నేను మజ్జిగ వడ్డించాను. గ్లాసు నిండి బల్లమీదికి కారింది. వాడు దాన్ని తుడవలేదు, నన్నే చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, “నమూనా చెడిపోయింది” అన్నాను.

“పన్ను చెడిపోదని నువ్వే జెప్తవు గదనే.”

అప్పుడు చెప్పాను. మార్గరెట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టి, చెరిపిన వరస దాకా మొత్తం. వాడు చెయ్యి కడుక్కున్నాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు.

“నేను బాగ ఏడుస్తున్ననని నన్ను పంపిచ్చినవనుకున్న ఇన్నొద్దులు” అన్నాడు. “నన్ను పంపినందుకు సిగ్గుపడుతున్నవని తెల్వదు.”

తరువాత, “షెరిఫ్ దగ్గరికి పోదాం, లే” అన్నాడు. సోమవారం యూనివర్సిటీ లాయరుతో మాట్లాడి వెళ్తానన్నాను. నన్నెంతో బతిమాలాడు. నేను కదల్లేదు. తెల్లవారితే నాకే ధైర్యం వస్తుందని వాడు అనుకున్నాడట. ఆ సంగతి తరువాత చెప్పాడు.

ఆదివారం పదకొండు గంటలకు డాల్టన్ ఫోన్ చేశాడు. నిశ్చల్ ఒక్కడే జైలుకు వెళ్లి, కౌంటరు ముందు నిలబడి, నా పన్ను చూడండని నోరు తెరిచాడట. చుక్క నల్లగొండ మీద పడిందట. తర్వాత తన పాస్‌పోర్టు, తాను పుట్టిన ఆసుపత్రి కాగితం బల్లమీద పెట్టి, “మా అమ్మ నన్ను పట్టికలోంచి తీసేసింది” అన్నాడట.

“ఇది నిజమేనా డాక్టర్?” అని అడిగాడు డాల్టన్.

“నిజమే.”

“శుక్రవారం మీకు తెలుసా?”

“తెలుసు.”

“వలస శాఖ బండి తొమ్మిది గంటలకే వచ్చి వెళ్లిపోయింది” అని ఫోన్ పెట్టేశాడు. రెండు గంటలు. శుక్రవారం సాయంత్రం నుంచి లెక్కేస్తే నాకు దగ్గర దగ్గర నలభై గంటలు దొరికాయి.

మేఘమాలను ఎనిమిది వందల మైళ్ల అవతలి శిబిరానికి తీసుకుపోయారు. ఒకసారి వాళ్ల చేతికి వెళ్లాక షెరిఫ్ మాట చెల్లదు. వలస శాఖ లాయర్లు, పదమూడు వందల్లో ఒక్కటి తప్పయితే మిగతావన్నీ ఒప్పే కదా అన్నారు. లోపలున్నవాళ్లు ఎవరికి వాళ్లే రుజువు తెచ్చుకోవాలన్నారు. మేఘమాలకు రుజువు వెతికింది సైదులే. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ రెండో రోజున మడమ పొడిచి, రక్తపు చుక్కను ఒక కాగితం మీద ఆరబెట్టి, జబ్బులు పరీక్షించాక దాచి ఉంచుతారు. ఇరవై మూడేళ్ల నాటి ఆ చుక్కను వాడు ఆఫీసుల చుట్టూ తిరిగి పట్టుకున్నాడు. అది ఆ పిల్ల నెత్తురుతో సరిపోయింది. పంతొమ్మిదో రోజున విడిచిపెట్టారు. ఆ పంతొమ్మిది రోజుల్లో వాడు నాకు ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు. ల్యాబుకు రాజీనామా పంపాడు.

మా కౌంటీ యంత్రాన్ని తీసేసింది. మిగతా పదకొండూ విచారణ తేలేదాకా వాడుతూనే ఉంటామన్నాయి. యూనివర్సిటీ నన్ను ఇంట్లో కూచోమంది.

ఆ పిల్ల వచ్చిన మూడో రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. సైదులు భార్య రేణుక తలుపు తీసి లోపలికి జరిగింది. సైదులు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, “నేను పొల్లకు ఏం జెప్పలే” అన్నాడు. “నువ్వే జెప్పుకో.” అక్కా అనలేదు.

మేఘమాల లోపల్నుంచి వచ్చి నా పక్కన సోఫాలో కూచుంది. చిక్కిపోయింది. నన్ను చూసి నిజంగా సంతోషపడింది, అదే నేను తట్టుకోలేకపోయాను.

“నువ్వొస్తవని నాకు తెలుసత్తా” అంది. “మా రూములో ముప్పై ఒక్కమందిమి ఉంటిమి. దాంట్ల పద్దెనిమిది మందిని మిషినే పట్టిచ్చింది. ఒకామె నాయిన అమెరికా మిలిటరీల జర్మనీల పనిజేసెనట, ఆమె పండ్లు జర్మనీ అన్నయట. ఇంకొకామెకు తల్లి సచ్చిపోతే మెక్సికోల నాయినమ్మ సాదిందట. చానమంది ఈడ పుట్టినోళ్లే. నేను జెప్పిన, మిషిను జేసింది మా అత్తనే, ఆమెకు గిట్ల అయితున్నదని తెల్వది, తెలిస్తే ఒక్కరోజు ఊకోదు, అచ్చి జెప్తది అని. రోజు పొద్దున లేస్తనే అడుగుతుండిరి, మీ అత్త అచ్చిందా అని.”

రేణుక వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

“బుధారం కలువనిస్తరు. పోదామా అత్తా? నువ్వొక్కమాట జెప్తే వాళ్లను గూడ ఇడుస్తరు.”

చెప్పాను. నాలుగు వందల పన్నెండో వరస చెప్పాను. సభలో అన్న మాట చెప్పాను. శుక్రవారం సాయంత్రం డాల్టన్ నన్ను ఏమడిగాడో, నేనేమన్నానో చెప్పాను. ఆ పిల్ల నా ముఖం మీంచి చూపు తిప్పలేదు. చెయ్యి మాత్రం నా చేతి మీంచి మెల్లగా తీసుకుంది.

ఆఖరిది కూడా చెప్పాల్సి వచ్చింది. అంతకు ముందురోజే ఆ ఆడవాళ్ల తరఫు లాయరు నాచేత సాక్ష్యం రాయించి కోర్టులో పెట్టాడు. ఈ యంత్రం పుట్టుక చెప్పదు, నీళ్ల సంగతే చెబుతుందని అన్నీ ఉన్నదున్నట్టు రాశాను. నా బతుకులో అంత నిజం ఎప్పుడూ రాయలేదు. జడ్జి అది పక్కన పెట్టేశాడు. తన లెక్క తానే చెరిపి, అధికారి అడిగినా దాచిన మనిషి ఇవాళ చెప్పేది నమ్మలేనన్నాడు. శుక్రవారం నాడు నా మాటకు ఒక ఆడపిల్లను ఇంటికి పంపేంత విలువ ఉండేది. ఇప్పుడు నేను వెళ్లి నిలబడితే ఆ పద్దెనిమిది మందికీ చెరుపే తప్ప మంచి జరగదని లాయరే రావద్దన్నాడు.

వంటింట్లో చాయ పొంగి పొయ్యి మీద పడ్డ చప్పుడైంది, రేణుక కదల్లేదు.

“అయితే బుధారం పోయి వాళ్లకు నేనేమని జెప్పాలె అత్తా?” అంది మేఘమాల.

కోపంతో అడగలేదు ఆ పిల్ల. నిజంగానే తోచక అడిగింది. నేను సైదులు వైపు చూశాను. వాడు కిటికీ వైపు తిరిగి ఉన్నాడు.